పచ్చగా మారిన నీలం చేప

పోయిన ఆదివారం మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, నాలుగడుగుల ట్యాంకు తీసుకున్నా. సిక్లిడ్స్ వేద్దామనుకుంటున్నా. ఏవి వేటితో కలుస్తాయో లిస్టు వాట్సాప్ చెయ్యి" అన్నాడు. సిక్లిడ్స్ అంటే ఒక పెద్ద చేపల కుటుంబం, వాటిలో రంగురంగులవాటిని ట్యాంకుల్లో పెంచుతారు. లిస్టు పంపడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆ లిస్టు నా చేతికి రావడానికి పన్నెండు చేపలు చచ్చిపోయాయి. ఆ పన్నెండింటి కథ వినకుండా లిస్టు మాత్రం తీసుకుంటే వీడు కూడా నాలాగే తెల్లవారుజామున లేచి, వల గరిటెతో ట్యాంకు మూలలు వెతుక్కుంటాడు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సూళ్లూరుపేట. 2019లో మా ఆయన ఫ్లవర్‌హార్న్ కోసం ట్యాంకు చేయించారు. దాని నెత్తి మీద బుడిపె పెరిగేకొద్దీ ఇంట్లోకి డబ్బొస్తుందని ఆయనకెవరో చెప్పారు. అంత పెద్ద ట్యాంకులో ఒకే ఒక్క చేప ఏంటని నేను ఒప్పుకోలేదు. లోకల్ ట్రైన్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో కొళత్తూరు వెళ్లాం. చెన్నైలో అలంకార చేపలంటే కొళత్తూరే. వీధులకు వీధులు చేపల కొట్లు. ఒక కొట్లో తొట్టి నిండా అంగుళం అంగుళన్నర పిల్లలు, నీలం మీద నల్ల చారలవి, పసుపు మీద నల్ల చారలవి. పైన చీటీ: మిక్స్‌డ్ ఆఫ్రికన్. అన్నీ కలిసుంటాయా అని నా అరకొర తమిళంలో అడిగితే, కొట్టబ్బాయి "ఎల్లాం ఒణ్ణా ఇరుక్కుం అక్కా" అన్నాడు. నిజమే, ఆ తొట్టిలో ఆ రోజు అన్నీ కలిసే ఉన్నాయి. అంగుళం చేపకు ఇంకా కోపం రాదన్న సంగతి నాకు తెలీదు.

పన్నెండు ఆఫ్రికన్లు, మా బాబు అడిగాడని రెండు ఏంజెల్స్, అద్దం శుభ్రం చేస్తుందని ఒక సక్కర్. మొత్తం పదిహేను. ఆక్సిజన్ కొట్టిన కవర్లు ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చుంటే, ఎదురుగా చేపల బుట్టతో ఉన్నామె నా వైపు జాలిగా చూసింది.

ఏంజెల్స్ రెండో వారం దాటలేదు. అవి దక్షిణ అమెరికా నదుల చేపలు. అవీ సిక్లిడ్లేగానీ, సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లలో మెల్లగా తిరిగే జాతి. పొడుగాటి రెక్కలు, పారిపోయే వేగం లేదు. ఆఫ్రికన్లు ఆ రెక్కల్ని తోరణాల్లా చీల్చేశాయి.

నాలుగో నెలలో అసలు వింత మొదలైంది. నీలం చేపల్లో ఒకటి రంగు మారసాగింది. ముందు తల దగ్గర, తర్వాత కడుపు కింద, రెండు వారాల్లో ఒళ్లంతా పసుపుపచ్చగా అయిపోయింది. చేపలకు కూడా పచ్చకామెర్లు వస్తాయేమోననుకున్నా. ఉప్పు వేశాను, నీలి మందు వేశాను, నీళ్లు మార్చాను. అది ఇంకా పచ్చబడి ఇంకా బలిసింది. చివరికి ఫొటో తీసి, చేపలు పెంచే ఒకతనికి చూపిస్తే నవ్వాడు. "జబ్బేం కాదండీ, మగపిల్లాడు వయసుకొచ్చాడు" అన్నాడు.

దాని పేరు కెన్యీ. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేప. చాలా జాతుల్లో మగవి నీలంగా, ఆడవి పసుపుగానో గోధుమగానో ఉంటాయి. కెన్యీలో తిరగబడి ఉంటుంది. ఆడవి నీలం, మగవి పసుపు. పిల్లలప్పుడు అన్నీ నీలమే. ఆ సరస్సు చేపల్లో మహా కోపిష్టి వాటిలో ఇదొకటి. నేను కొన్న పసుపు మీద నల్ల చారలవేమో ఆరేటస్‌లు. వాటి మగవి పెరిగేకొద్దీ నల్లబడతాయి, కోపంలో కెన్యీకి ఏమాత్రం తీసిపోవు. అంటే మిక్స్‌డ్ ఆఫ్రికన్ పేరుతో నేను ఏరి ఏరి ఇద్దరు వస్తాదుల్నీ వాళ్ల బంధుగణాన్నీ ఇంటికి తెచ్చుకున్నానన్నమాట.

ఆ పచ్చవాడు ట్యాంకు మధ్యలో ఉన్న మట్టికుండను తన ఇల్లు చేసుకున్నాడు. ఒక నెల కుండ చుట్టూ జానెడు మేర. ఇంకో నెలకు సగం ట్యాంకు. ఆ తర్వాత మొత్తం. మిగతావన్నీ నీటి పైభాగాన, ఫిల్టర్ పైపు వెనక, హీటర్ సందులో నిలువుగా వేలాడుతూ ఉండేవి. చేప అలా పై మూలన కదలకుండా వేలాడుతుంటే దాన్నెవరో తరుముతున్నారని అర్థం. అప్పుడు నాకది తెలీక, అలిసిపోయి నిద్రపోతున్నాయనుకున్నాను. ఏడాది తిరిగేసరికి మిగిలినవి మూడు: పచ్చవాడు, నల్లబడిన ఒక ఆరేటస్, అడుగు పొడవు పెరిగిన సక్కర్.

మా అత్తయ్యది పులికాట్ ఒడ్డు ఊరు. చేపను చూస్తే ముందు పులుసులో దాని రుచేంటో చెప్పే మనిషి. ఆవిడ ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని, "ఇవి మన జిలేబి చేపల చుట్టాలే కదా అమ్మాయ్? కొట్లాట జాతి. కూరకూ పనికిరావు, కాపరానికీ పనికిరావు" అన్నారు. చుట్టరికం మాత్రం నిజం. మనం జిలేబి అనే తిలాపియా సిక్లిడే. కేరళవాళ్ళు రాష్ట్ర చేపగా పెట్టుకున్న కరిమీన్ కూడా సిక్లిడే, అది మన పులికాట్‌లోనూ దొరుకుతుంది.

ఆ మూడింటినీ ఒక కొట్లో ఇచ్చేశాను. సక్కర్‌ను కాలవలో వదిలేయమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఇలా వదిలినవే మన చెరువుల్లో, కాలవల్లో పెరిగి, వలలు చింపి, జాలర్ల కడుపు కొడుతున్నాయి.

తర్వాత ఖాళీ ట్యాంకు ఆరు నెలలు అలాగే ఉంది. ఆ ఆరు నెలలూ చదివాను. ఏ చేపతో ఏ చేప కలుస్తుందో టిక్కులూ ఇంటూలూ పెట్టిన పట్టికలు బోలెడు దొరుకుతాయి. వాటిలో కెన్యీకి ఎదురుగా చాలాచోట్ల టిక్కే ఉంటుంది, సాటి ఆఫ్రికన్ కదా అని. నాకు పనికొచ్చింది పట్టిక కాదు, ఒక ప్రశ్న. ఇవి దేనికోసం కొట్లాడుతున్నాయి?

మలావీ సరస్సు ఒడ్డున, నీటి అడుగున పెద్ద పెద్ద రాళ్ల గుట్టలుంటాయి. ఆ రాళ్ల మీద పాచి. ఆ పాచి గీక్కుని బతికే చేపల్ని అక్కడి టోంగా వాళ్ల భాషలో ఎంబునా అంటారు. వాటికి ఆ రాయే అన్నం, ఆ రాయే ఇల్లు, ఆ రాయి ముందే పెళ్లిచూపులు. రాయి పోతే అన్నీ పోయినట్టే. అందుకే మగచేప తన రాయి దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. మనవాళ్ల గట్టు తగాదాలు తెలిసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే సరస్సులో ఓడిపోయిన చేప నాలుగు మీటర్లు ఈదుకుంటూ పోతే గొడవ తీరిపోతుంది. నాలుగడుగుల ట్యాంకులో పోవడానికి చోటేది? ఓడినవాడు గెలిచినవాడి గుమ్మంలోనే బతకాలి.

గట్టు తగాదా ఎవరితో ఎక్కువ వస్తుంది? తనలాంటివాడితోనే. అదే రంగు, అవే చారలు, అదే తిండి, అదే రాయి కావాల్సిన చేప కనిపిస్తే మగవాడికి పూనకం వస్తుంది. వేరే రంగుది, వేరే ఎత్తులో తిరిగేది, రాయి అడగనిది వస్తే పెద్దగా పట్టించుకోదు. డెమసోని అని ముద్దొచ్చే చిన్న చేప ఉంది, నీలం మీద నల్ల చారలు. దాని పగంతా సొంత జాతి మీదే. నాలుగు కొంటే చివరికి ఒకటే మిగులుతుంది. అందుకే పెంచితే పన్నెండుకు తగ్గకుండా పెంచమంటారు, అప్పుడు ఎవడు ఎవర్ని తరుముతున్నాడో వాటికే తికమక అయిపోతుంది. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు పంపిన ఫొటోలో నాలుగున్నాయి, అవి ఇవే. వద్దు.

ఇంకా చేపల పేర్లలోకి పోకముందు నీళ్ల సంగతి చూడాలి. మలావీ చేపలకు సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు కావాలి, పిహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య ఉంటే బాగుంటుంది. మా బోరు నీళ్లకు గీజర్ ఏడాదికోసారి పోతుంది, బకెట్లకు తెల్లటి పొర కడుతుంది, ఆ నీళ్లతో తలంటుకుంటే జుట్టు పీచులా అవుతుంది. చుక్కల కిట్‌తో చూస్తే పిహెచ్ 8. ఊరంతా తిట్టుకునే ఆ నీళ్లు ఈ చేపలకు పుట్టింటి నీళ్లు. చాలామంది జాగ్రత్త పేరుతో ఆర్‌ఓ నీళ్లు పోస్తారు. మలావీ చేపలకు అది అన్నంలో ఉప్పు తీసేసినట్టే. మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చేది మంజీరా నీళ్లా, బోరా, రెండూ కలిపా? ముందు అది కనుక్కో. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి.

రాళ్ల కోసం పైసా ఖర్చు పెట్టలేదు. మా వీధి చివర ఫ్లోరింగ్ పనివాళ్ల దగ్గర విరిగిన కడప బండ ముక్కలు అడిగి తెచ్చాను. కడప రాయి సున్నపురాయే కాబట్టి నీటి గట్టిదనానికీ సాయం. పులికాట్ ఒడ్డున ఏరిన గుల్లల్ని ఉడకబెట్టి, కడిగి, వల సంచిలో కట్టి ఫిల్టర్‌లో పడేశాను. బండ ముక్కల్ని అడుగు నుంచి నీటి మట్టం దాకా పేర్చాను. ఇక్కడ ఒక చిన్న కిటుకు. అందమైన పెద్ద గుహ ఒక్కటి కట్టామనుకో, దానికి ఒక్కడే రాజవుతాడు. ఒక వైపు దూరి ఇంకో వైపు బయటపడేలా ఇరవై సందులుంటే ఎవడికీ పట్టా దొరకదు. నా మొదటి ట్యాంకులో కుండ ఒకటే ఉండేది. పచ్చవాడి పెత్తనంలో సగం పాపం ఆ కుండదే.

ఇక లిస్టు. ట్యాంకు నాలుగు, ఒకటిన్నర, ఒకటిన్నర అడుగులు. లెక్కకు 255 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోగా రెండొందలు.

ఎల్లో ల్యాబ్ ఎనిమిది. నిమ్మపండు రంగు, పై రెక్క మీద నల్లటి గీత. ఎంబునాల్లో సాధువు. పాచి కోసం రాయిని పట్టుకుని వేలాడదు, సందుల్లో పురుగులు ఏరుకు తింటుంది, అందుకే గట్టు పంచాయితీ తక్కువ. రస్టీ ఆరు. తుప్పు రంగు ఒంటి మీద ఊదా మెరుపు. కొట్లో చూస్తే మట్టిముద్దలా ఉంటుందని ఎవరూ కొనరు, కిటికీ ఎండ పడినప్పుడు చూడాలి. ఏసై ఆరు. నీలం ఒళ్లు, పసుపు తోక, గుంపుగా నీటి పైభాగంలో తిరుగుతాయి. సరస్సులో ఇవి రాళ్ల మీద కన్నా మునిగిన దుంగల మీద పాచి తింటాయి, కాబట్టి కింద రాళ్లున్నవాళ్లతో పేచీ లేదు. 15 సెంటీమీటర్లు పెరుగుతాయి గనుక నాలుగడుగుల ట్యాంకుకు ఇవి చివరి హద్దు, ఇంతకన్నా పెద్దది వద్దు. ఒకటి పసుపు, ఒకటి తుప్పు, ఒకటి నీలం. ఒకటి సందుల్లో, ఒకటి రాళ్ల నీడలో, ఒకటి పైన. నా లిస్టు ఇంతే.

ఇరవై చేపలు ఎక్కువ కాదా అని అడుగుతారు. మామూలు ట్యాంకులో ఎక్కువే. ఎంబునాలకు కాస్త ఇరుకే మేలు, ఒకడికే పడే దెబ్బలు ఇరవైమందికి పంచబడతాయి. దానికి మూల్యం ఫిల్టర్ చెల్లిస్తుంది. నావి రెండున్నాయి, ఒక కానిస్టరు, ఒక స్పాంజీ. నీళ్లలో మురికిని తినే బ్యాక్టీరియా వాటిలో పెరగడానికి చేపల్లేకుండా ఐదు వారాలు నడిపాను. ప్రతి ఆదివారం 40 శాతం నీళ్లు మారుస్తాను, తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. కరెంటు పోతే ఎయిర్ పంపు ఇన్వర్టర్ మీద నడుస్తుంది. మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే మూత తీసి ఫ్యాను పెడతాను. వేడికి ఆక్సిజన్ తగ్గుతుంది, చేపల ఓపికా తగ్గుతుంది.

ఆడ మగ లెక్క కూడా చూసుకోవాలి. ఒక మగకు మూడు ఆడవి ఉంటే బాగుంటుంది, లేకపోతే ఉన్న ఒక్క ఆడదాన్ని వెంటపడి చంపేస్తుంది. చిన్నప్పుడు ఏది ఏదో తెలీదు కాబట్టి ఆరో ఎనిమిదో కొని, పెరిగాక ఎక్కువైన మగవాటిని తీసేయాలి. నేను ల్యాబ్స్‌లో రెండింటిని అలా తీసేశాను. అన్నిటినీ ఒకే రోజు, ఒకే సైజులో వేశాను. తర్వాత ఎప్పుడైనా కొత్తది వేయాల్సి వస్తే లైటు ఆపి, రాళ్లన్నీ కలగాపులగం చేసి వేస్తాను. పాత గట్లు చెరిగిపోతే అందరూ కొత్తవాళ్లే కదా.

తిండి విషయంలో మాత్రం మళ్లీ దెబ్బ తిన్నాను. మా బాబు ముద్దుగా రోజూ ఎండు బ్లడ్‌వార్మ్స్, అంటే ఎర్ర పురుగులు, వేసేవాడు. ఎగబడి తినేవి. నెల తర్వాత ఒక ఏసై తిండి మానేసింది, తెల్లటి దారం లాంటి రెట్ట వేసింది, కడుపు ఉబ్బి నాలుగు రోజుల్లో పోయింది. మలావీ బ్లోట్ అంటారు. పాచి తినే చేపకు పేగు పొడుగు, మాంసం ఎక్కువైతే తట్టుకోలేదు. అప్పట్నుంచి స్పైరులినా అనే పాచితో చేసిన గుళికలు, వారానికోసారి వేడినీళ్లలో ముంచి తీసిన పాలకూర. మాంసం తినేదాన్నీ పాచి తినేదాన్నీ ఒకే కంచంలో కూర్చోబెడితే ఎవరో ఒకరు అర్ధాకలి, ఇంకొకరు అజీర్తి. తమ్ముడడిగిన ఎర్ర పీకాక్ అందుకే వద్దన్నాను. అది మలావీదే, అందమైనదే, కానీ నెమ్మదస్తురాలు, మాంసం తిండిది. ఎంబునాల మధ్య దాని రంగే బయటికి రాదు, భయంతో బూడిదలా ఉండిపోతుంది. పీకాక్స్ మీద అంత మనసుంటే మగ పీకాక్స్‌తోనే వేరే ట్యాంకు పెట్టుకో. ఆస్కార్ చేప ఊసే ఎత్తకు. అది అడుగు పొడవు పెరుగుతుంది, నోట్లో పట్టేదల్లా దానికి తిండే.

మలావీది కాని జాతి నా ట్యాంకులో ఒక్కటే ఉంది. మూడు కుకూ క్యాట్‌ఫిష్‌లు. టాంగన్యీకా సరస్సువి, అక్కడి నీళ్లూ గట్టివే కాబట్టి సరిపోతుంది. తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు, పొడుగు మీసాలు. ఇవి రాయీ అడగవు, ఆడదాన్నీ అడగవు, రాత్రి తిరిగి మిగిలింది తింటాయి. కానీ పేరు ఊరికే రాలేదు. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టు, సిక్లిడ్ గుడ్లు పెట్టే క్షణంలో ఇవి దూరి తమ గుడ్లు కలిపేస్తాయి. మలావీ ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని మూడు వారాలు పొదుగుతుంది. వాటితో పాటు ఈ గుడ్లనూ ఎత్తుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందు పుట్టి, నోట్లోనే సిక్లిడ్ పిల్లల్ని తినేస్తాయి. తెలిసే కొన్నాను. మా ఇంట్లో రెండేళ్లుగా ఆ విద్య చూపలేదు.

ట్యాంకులో ఈ కొత్త కాపరానికి ఇప్పుడు మూడేళ్లు. కొట్లాటలు లేవని కాదు. రోజూ తరుముకుంటాయి, రెక్క చివర చిరుగుతుంది, వారంలో అతుక్కుంటుంది. పై మూలన వేలాడే చేప మాత్రం లేదు. నేను లేవగానే చూసేది ఆ మూలే.

మొన్న మంగళవారం టిఫిన్ టైమ్‌లో అత్తయ్య కుర్చీలోంచి పిలిచారు. "అమ్మాయ్, ఆ తుప్పు పిల్ల నాలుగు రోజుల్నుంచి ముద్ద ముట్టట్లేదు. దవడ చూడు, తాంబూలం వేసుకున్నట్టుంది" అన్నారు. వెళ్లి చూస్తే రస్టీ ఆడది, రాతి నీడలో, గొంతు నిండుగా, మూతి బిగించి. గుడ్లు పట్టుకుంది. క్యాలెండర్ మీద శుక్రవారం దగ్గర సున్నా చుట్టి, మూడు వారాలు లెక్కపెట్టాను. పిల్లల కోసం చిన్న తొట్టి కడిగి ఎండబెట్టాను. అత్తయ్య రోజూ తీర్థంలా ఒకసారి వెళ్లి దాని దవడ చూసొస్తున్నారు.

కాకపోతే ఆ శుక్రవారం రాత్రి క్యాట్‌ఫిష్‌లు మూడూ ఆ రాయి చుట్టూనే తిరగడం నేను చూశాను. నోట్లో ఉన్నవి ఎవరి పిల్లలో ఇంకో పది రోజులు పోతేగానీ తెలీదు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.